సారవ లేని వెనిస్

వాటర్ కలర్ హాలిడేని ఎవరూ విమర్శకి పెట్టరు. సెలవుల్లో ఎవరి సరదా వాళ్లది, దాని మీద వ్యాసమేంటి అనిపిస్తుంది. కానీ ఒక ఊరు, ఒక టీచరు, ఆరు రోజులు, పదకొండు మంది, చివర్లో బల్ల మీద పరిచిన పదకొండు స్కెచ్ పుస్తకాలు... ఇలా చూస్తే అదీ ఒక రూపమే. దానికీ ఛందస్సు ఉంది. ఎక్కడ కూర్చోవాలో, ఎటు చూడాలో, యతి ఎక్కడ పడాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అలాంటప్పుడు దాన్ని చదవొచ్చు, తప్పొప్పులు మాట్లాడుకోవచ్చు.

పోయిన సెప్టెంబర్‌లో వెనిస్‌లో అలాంటిదొకదానికి వెళ్లాను. విమానం టికెట్టు, 90 యూరోల షెంగెన్ వీసా ఫీజు కాకుండా మన డబ్బుల్లో రెండు లక్షల పైమాటే. దానికి దొరికేవి: కాలవ పక్కన గది, పొద్దున రెండున్నర గంటలు, సాయంత్రం రెండు గంటలు బొమ్మలు, మోసుకు తిరగడానికి ఒక మడత కుర్చీ, రోజుకో డెమో. గుంపులో ఇండియా నుంచి నేనొక్కణ్నే. మిగతావాళ్లలో చాలామంది అరవై దాటిన ఇంగ్లీషువాళ్లు. రిటైరైన టీచర్లు, ఒక అకౌంటెంట్, ఒక నర్సు.

టీచర్ పనితనం మీద నాకే ఫిర్యాదూ లేదు. తడి కాగితం మీద ఆకాశం వేసి, అది ఆరేలోపు అదే రంగుని కిందికి లాగి నీళ్లు చేసి, మధ్యలో ఊరిని నాలుగు బ్రష్ దెబ్బల్లో నిలబెట్టేవారు. చూస్తూ ఉండిపోవాలనిపించేది. ఆయన నోట రోజుకి పదిసార్లైనా వచ్చే మాట ఒకటుంది: తీసేయండి. ఆ బోర్డు తీసేయండి. ఆ చెత్త పడవ కాసేపట్లో వెళ్లిపోతుంది, పట్టించుకోకండి. ఒక చర్చికి మరమ్మతులు చేస్తూ చుట్టూ ఇనప గొట్టాలతో సారవ కట్టి, పైన పట్టా కప్పారు. అదీ తీసేయండి, సారవ లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకుని వేయండి.

ముందు ఆయన పక్షాన మాట్లాడాలి. ఆయిల్లో తెలుపుని చివర్లో తెచ్చి పెట్టొచ్చు. వాటర్ కలర్‌లో తెలుపంటే ముట్టుకోని కాగితం. నీటి మీద మెరుపు కావాలంటే ఆ మెరుపు ఎక్కడుంటుందో బ్రష్ తడపకముందే తేల్చుకుని, అక్కడికి వెళ్లకుండా ఉండాలి. ఏది వేయకూడదో తెలియనివాడికి ఈ రంగులు లొంగవు. మొదటిసారి కూర్చున్నవాళ్లు కిటికీలు లెక్కపెట్టి వేస్తారు. నూట ఇరవై కిటికీలు వేశాక భవనం కనపడదు, కిటికీలే కనిపిస్తాయి. అలాంటివాళ్లకి తీసేయమని చెప్పడం వంట నేర్చుకునేవాళ్లకి ఉప్పు తగ్గించమని చెప్పడం లాంటిదే.

తీసేయడంలో టర్నర్‌ని మించినవాడు లేడు. వెనిస్‌కి మూడుసార్లు వెళ్లాడు, 1819, 1833, 1840లలో. అన్నీ కలిపినా నాలుగు వారాలు నిండవు. ఆయన రంగుల కాగితాల్లో కొన్నింట్లో ఊరు ఒక పసుపు మరక, ఒక నీలం మరక, మధ్యలో గోపురం ఉందేమో అనిపించే తెలుపు. కానీ 1819లో ఉన్న ఐదారు రోజులూ ఆయన ఎక్కువగా చేసింది పెన్సిల్ పని. పుస్తకాలకి పుస్తకాలు నింపాడు. ఆ ఏడాదే నేపుల్స్‌లో, ఆరుబయట రంగులేస్తూ కూర్చుంటే ఒక్క బొమ్మ అవుతుందనీ, ఆ టైములో పదిహేను పదహారు పెన్సిల్ బొమ్మలు వేసుకోవచ్చనీ ఆయన అన్నట్టు విన్నవాళ్లు ఉత్తరంలో రాశారు. అంటే పడవలు, తెరచాపలు, తాళ్లు, గట్టు మీది మనుషులు, అన్నీ ఆయన చేతిలోంచి ఒకసారి వెళ్లాయి. ఆ తర్వాత తీసేశాడు. మా గుంపులో తీసేయడం ముందు జరిగేది, చూడటం తర్వాత మొదలయ్యేది. నా అభ్యంతరమంతా ఈ వరస గురించే.

ఈ వరస వాటర్ కలర్ నుంచి రాలేదు, టూర్ నుంచి వచ్చింది. దీని వయసు రెండున్నర శతాబ్దాలు. విలియం గిల్పిన్ అనే పాదిరీ 1770లో ఇంగ్లండు, వేల్స్ సరిహద్దులోని వై నది మీద పడవలో తిరిగి, 1782లో దాని మీద పుస్తకం వేశాడు. ప్రకృతిని బొమ్మలా చూడటమెలా అన్నది దాని విషయం. ఆ తర్వాత జనం ఎగబడ్డారు. రాస్ నుంచి చెప్‌స్టో దాకా రెండు రోజుల ప్రయాణం. ఎండ తగలకుండా పైన గుడ్డ పందిరి, బొమ్మలేసుకోడానికి మధ్యలో బల్ల ఉన్న పడవలు అద్దెకి దొరికేవి. ఇంచుమించు అదే కాలానికి రంగులు కూడా జేబులోకొచ్చాయి: నీళ్లు తగిలితే కరిగే రంగు బిళ్లలు చేసినందుకు లండన్‌లో రీవ్స్ అన్నదమ్ములకి 1781లో బహుమతి ఇచ్చారు. గైడు, పడవ, రంగుల పెట్టె, ఆగాల్సిన చోట్ల జాబితా. మా కంపెనీ వాళ్లు దీనికి కలిపింది ఒక వాట్సాప్ గ్రూపు.

అప్పటివాళ్ల దగ్గర ఒక అద్దం కూడా ఉండేది. క్లాడ్ గ్లాస్ అనేవాళ్లు. చిన్నది, కాస్త ఉబ్బెత్తుగా, నల్లటి ఛాయతో ఉంటుంది. దాన్ని పట్టుకుని కొండకి వీపు తిప్పి నిలబడాలి. అప్పుడు అద్దంలో కొండ పాత చిత్రకారుడు వేసిన బొమ్మలా కనిపిస్తుంది. సెల్ఫీ తీసుకునేవాళ్లని చూసి నవ్వేముందు ఈ పెద్దమనుషుల్ని గుర్తు చేసుకోవడం న్యాయం.

గిల్పిన్ పుస్తకంలో టింటర్న్ మఠం శిథిలాల దగ్గర రెండు ఘట్టాలు నాకు మర్చిపోవడం కుదరదు. గోడల పైకొసలు మరీ సమంగా, త్రికోణాల్లా ఉన్నాయని ఆయనకి నచ్చలేదు. సుత్తి తీసుకుని తెలివిగా నాలుగు దెబ్బలు వేస్తే బాగుపడతాయని రాశాడు. పూర్తిగా వేళాకోళమని నాకనిపించదు. రెండోది, ఆ శిథిలాల్లో బతుకుతున్న బీదవాళ్ల గురించి. సరిగ్గా నడవలేని ఒక ఆడమనిషి, ఒకప్పుడు సన్యాసుల పుస్తకశాల చూపిస్తానని తీసుకెళ్లి తను ఉంటున్న చెమ్మగదిని చూపిస్తుంది. గిల్పిన్ ఆ గదిని చూసి కదిలిపోయాడు, వివరంగా రాశాడు. కానీ ఆ పుస్తకంలోని బొమ్మల్లో ఆమెకి చోటు లేదు. ఒకే మనిషి, ఒకే మధ్యాహ్నం. వచనంలోకి వచ్చిన మనిషి చిత్రంలోకి రాలేకపోయింది. అంటే గిల్పిన్‌కి కళ్లు లేక కాదు, ఆ బొమ్మ కట్టుబాటులో ఆమెని పెట్టే అర లేదు.

జేన్ ఆస్టెన్ దీన్ని ఒక్క నవ్వుతో తేల్చేసింది. 'నార్తాంగర్ ఆబీ'లో కేథరిన్‌కి హెన్రీ టిల్నీ ఈ చూపు నేర్పిస్తాడు. పిల్ల ఎంత బాగా నేర్చుకుంటుందంటే, గుట్ట ఎక్కేసరికి బాత్ నగరం మొత్తం బొమ్మలో పెట్టడానికి పనికిరాదని తనంతట తనే కొట్టిపారేస్తుంది. మేం రెండోరోజుకే ఆ స్థితికి వచ్చాం. 'ఇక్కడేం లేదు' అనుకుంటూ, మనుషులు కూరగాయలు కొనుక్కుంటున్న వీధులన్నీ దాటుకుంటూ నడిచాం.

ఇక అసలు చోటుకి వస్తాను. ఏ బ్రోషర్ చూసినా అట్ట మీద ఒకటే బొమ్మ: అకాడెమియా వంతెన మీంచి గ్రాండ్ కెనాల్, దూరంగా సాల్యూతే చర్చి గోపురాలు. 1933లో తాత్కాలికమని కట్టిన చెక్క వంతెన రూపమే అక్కడ ఇంకా ఉంది. మేమూ మూడోరోజు పొద్దున్నే అక్కడికి వెళ్లాం. మాకంటే ముందే ఇంకో స్కెచ్చింగ్ గుంపు వచ్చి రెయిలింగ్ ఆక్రమించింది. 25 మందికి మించి గుంపులు తిరగొద్దని నగరం 2024లో నియమం పెట్టింది. రెండు గుంపులూ కలిస్తే ఎన్నో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు.

ఆ వంతెన ఒక కొస దిగితే సాన్ విదాల్ అనే చిన్న బహిరంగ స్థలం. 1725 ప్రాంతంలో, ముప్పై కూడా నిండని కానలెట్టో సరిగ్గా అక్కడి నుంచి ఒక బొమ్మ వేశాడు. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, పేరు 'స్టోన్‌మేసన్స్ యార్డ్'. పక్కనున్న చర్చి పని కోసం తెచ్చిన రాళ్లు ముందంతా పడి ఉంటాయి. రాళ్లు చెక్కేవాళ్లు, చెక్క షెడ్డు, ఆరేసిన బట్టలు, బాల్కనీలో నూలు వడుకుతున్న ఆడమనిషి. ఎడమ పక్క కింద ఒక పిల్లాడు పడిపోయి ఉచ్చ పోసుకుంటుంటే వాళ్లమ్మ చేతులు చాచి పరిగెడుతుంటుంది. ఇవన్నీ దాటాక కాలవ, అవతలి గట్టున చర్చి, దాని గంట స్తంభం. ఆ స్తంభం 1744లో కూలిపోయింది. సాన్ విదాల్‌లో పని ఎలా జరిగేదో, ఎవరు చేసేవాళ్లో కానలెట్టో వేశాడు కాబట్టి మనకి తెలుసు.

అదే కానలెట్టో తర్వాత ఏమయ్యాడో కూడా చెప్పుకోవాలి. జోసెఫ్ స్మిత్ అనే ఇంగ్లీషు వ్యాపారి చేతిలో పడ్డాడు. వెనిస్ చూడ్డానికొచ్చే ఇంగ్లీషు కులీనులకి ఇంటికి పట్టుకెళ్లే బొమ్మలు కావాలి. ఎండ బాగుండాలి, ఆకాశం నీలంగా ఉండాలి, భవనాలు గుర్తుపట్టేలా ఉండాలి. ఆ కొలతకి సరిపడా దశాబ్దాల పాటు వేసిచ్చాడు. నైపుణ్యం తగ్గలేదు. ఉచ్చ పోసుకునే పిల్లాడు మాత్రం మళ్లీ ఆ స్థాయిలో కనపడడు. టూరిస్టు బొమ్మలో ఏం ఉండాలో ఆయన కొనుగోలుదార్లు అప్పుడే తేల్చేశారు. మా టీచర్ ఆ పాత ఆర్డరుకే ఇంకా సరుకు అందిస్తున్నారని నా అనుమానం.

సారవ సంగతి మిగిలింది. రస్కిన్ 1845లో వెనిస్‌కి వచ్చినప్పుడు కా దోరో అనే పాత భవనానికి మరమ్మతులు జరుగుతున్నాయి. మరమ్మతులంటే పాత చెక్కడాల్ని సుత్తులతో ఊడగొట్టడం. కూలీలు పైన కొడుతుంటే, ఈయన కింద కూర్చుని, పోయేలోపు ఎంత దొరికితే అంత కాగితం మీదికి ఎక్కించుకునే ప్రయత్నం చేశాడు. ఆ బాధంతా తండ్రికి ఉత్తరాల్లో రాశాడు. ఆ వాటర్ కలర్ పూర్తవలేదు. కొంత భాగం రంగుల్లో, కొంత ఉత్త గీతల్లో ఆగిపోయింది. ఆ ఆగిపోయిన చోటే నాకు ఆ బొమ్మంతటిలో విలువైంది. తర్వాత పన్నెండేళ్లకి ఆయనే బొమ్మలు నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకం రాస్తూ, ప్రకృతిని చూడటం బొమ్మలు నేర్చుకోడానికి కాదు, బొమ్మలు నేర్చుకునేది ప్రకృతిని ప్రేమించడానికి అన్న అర్థంలో ముందుమాటలో చెప్పాడు. హాలిడే కంపెనీలకి ఆ మాట మహా ఇష్టం. కా దోరో కింద కూర్చున్న మనిషి ఆ మాట అన్నాడని మాత్రం వాళ్లు చెప్పరు.

ఇక్కడ మన సంగతొకటి గుర్తొస్తుంది. రస్కిన్ కంటే దాదాపు ముప్పై ఏళ్ల ముందు, 1816 నుంచి, కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసే చిత్రకారులు అమరావతి స్తూపం దగ్గర కూర్చుని ఒక్కో సున్నపురాతి పలకనీ కొలిచి గీశారు. అప్పటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కట్టడాల కోసం రాళ్లు తవ్వేశారు. ఉన్నవాటిలోనూ తర్వాత కొన్ని పోయాయి. ఇప్పుడా పలకలకి బ్రిటిష్ లైబ్రరీలోని ఆ బొమ్మలే దిక్కు. అది కంపెనీ సర్వే, అందులో పాలకుల అవసరం ఉంది, ఒప్పుకుంటాను. కానీ పగుళ్లు పగుళ్లుగా, విరిగిన ముక్క విరిగినట్టుగా గీసిన ఆ చేతులకి 'తీసేయండి' అని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే స్తూపం గురించి మనకి తెలిసింది ఇంకా తగ్గేది.

వెనిస్‌లో ఇప్పుడు పోతున్నది రాళ్లు కాదు, మనుషులు. 1950ల మొదట్లో పాత నగరంలో 1,70,000 మందికి పైగా ఉండేవాళ్లు. 2022లో ఆ సంఖ్య 50,000 కిందికి పడిపోయింది. రియాల్టో దగ్గర సాన్ బర్తొలొమెయోలో ఒక మందుల షాపు కిటికీలో, ఊళ్లో ఇంకా ఎంతమంది మిగిలారో చూపించే ఎలక్ట్రానిక్ బోర్డు 2008 నుంచి వెలుగుతూనే ఉంది. ఊరివాళ్లు తమ బాధని టూరిస్టులు నడిచే దారిలో, అంకెల్లో పెట్టారు. మేం ఆ షాపు ముందు నుంచి నాలుగుసార్లు వెళ్లాం. పదకొండు పుస్తకాల్లో ఒక్కదాన్లోనూ ఆ కిటికీ లేదు.

జత్తెరె గట్టు మీద కూర్చున్నరోజు ఒక సంగతి జరిగింది. హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు మోసే పడవొకటి మా ఎదురుగా ఆగింది. బుట్టలు దింపుతున్న కుర్రాడు బంగ్లాదేశ్ నుంచి వచ్చాడట, మెస్త్రెలో ఉంటాడట. నన్ను చూసి హిందీలో పలకరించాడు. పని మధ్యలో మా వెనక్కొచ్చి, నా పక్కనున్న అకౌంటెంట్ గారి బొమ్మని శ్రద్ధగా చూసి, "భాయ్, అరగంట నుంచి మా పడవ ఇక్కడే ఉంది కదా, ఇందులో లేదేంటి?" అన్నాడు. నేను తర్జుమా చేశాను. ఆయన పెద్దగా నవ్వి, అది వెళ్లిపోతుందనుకున్నానని చెప్పాడు. రోజూ వస్తుంది, అన్నాడు కుర్రాడు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. టైము చెబుతున్నట్టు చేతి గడియారం మీద వేలు పెట్టి చూపించాడు.

ఇంత చెప్పి ఆ ఆరు రోజులూ దండగ అనడం నా ఉద్దేశం కాదు. ఆ మడత కుర్చీ గొప్పది. ఫోన్ తీసి పది సెకన్లలో దాటిపోయే చోట రెండు గంటలు కూర్చోబెడుతుంది. కాగితం ఆరేదాకా కదలనివ్వదు. లగూన్ చెమ్మకి పొద్దునపూట కాగితం ఆరనే ఆరదు, కాబట్టి ఏం చేస్తాం, చూస్తాం. అలా చూస్తుంటే నీడ గోడ దిగడం తెలుస్తుంది. ఏ గుమ్మం దగ్గర తలుపు ఉప్పునీటికి కిందంతా తినేసిందో, ఎవరింట్లో ముసలాయన తాడుతో బుట్ట దింపుతాడో తెలుస్తుంది. హాలిడే నిజంగా ఇచ్చేది ఈ ఖాళీ టైమే, కానీ వాళ్లు ధర పెట్టింది డెమోకి. 2007లో గేబ్రియల్ కాంపనారియో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ వాళ్ల నియమాల్లో, చూసినదానికి నిజాయితీగా ఉండాలని ఒకటుంది. మన దగ్గర ఆదివారాలు చార్మినార్ దగ్గర గుంపుగా కూర్చుని వేసేవాళ్ల బొమ్మల్లో కరెంటు తీగలు, గాజుల బండ్లు, అడ్డదిడ్డంగా పెట్టిన స్కూటర్లు ఈమధ్య ఎక్కువ కనిపిస్తున్నాయి. కొన్ని బొమ్మలు చెడిపోతున్నాయి కూడా. పోనీండి.

గుంపులో మంచి బొమ్మ నర్సుగారిది. నాలుగోరోజు మమ్మల్ని సాంతి జొవాని ఎ పావ్లో దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ స్కోలా గ్రాందె ది సాన్ మార్కో ముఖభాగం ఉంది, పాలరాతి పూతపనితో పెళ్లిమండపంలా. దాని వెనక ఉన్నది నగరపు పెద్దాసుపత్రి. రోగులు, చూడ్డానికొచ్చేవాళ్లు ఆ ద్వారంలోంచే వెళ్తుంటారు. పక్కనే రియో దెయి మెందికాంతి కాలవలో అంబులెన్సు పడవలు కట్టేసి ఉంటాయి. ఇదే కాలవని కానలెట్టో కుర్రతనంలో, బట్టలు ఆరేసిన వెదురుగడలతో, పడవల షెడ్డుతో సహా వేశాడు. మేమంతా ముఖభాగం వైపు తిరిగాం. ఆవిడ కుర్చీని కాలవ వైపు తిప్పుకుంది. నలభై ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, స్ట్రెచర్ని పడవలోకి ఎలా దింపుతారో చూడాలి, అంది.

రంగు బాగా కుదరలేదు. నీటిలో పసుపు నీడ బురదైంది, పడవ ముక్కు దగ్గర కోణం తేడా. కానీ స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరి నడుముల్లో బరువుంది. ముందువాడు ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద పెట్టి, అల ఎప్పుడు పైకి లేస్తుందా అని ఎదురుచూస్తున్నాడు. ఆ క్షణం తెలిసినవాళ్లు వేసిన బొమ్మ. వెనకాల ఐదొందల ఏళ్ల పాలరాతి గోడని మాత్రం ఆవిడ వేయలేదు, తెల్లకాగితంగా వదిలేసింది. చివరిరోజు సాయంత్రం పుస్తకాలన్నీ పరిచినప్పుడు టీచర్ ఆ పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగారు. పసుపులో నీళ్లు ఎక్కువయ్యాయన్నారు, ఆ తెలుపు బాగుందన్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకి: ఆ కాలవగట్టు, ఆసుపత్రి గోడ పక్కన, పొద్దున పది దాకా నీడలో ఉంటుంది. కూర్చోడానికి రాయి చల్లగా ఉంటుంది. కాగితం ఆరడానికి చాలాసేపు పడుతుంది.